గ్రాఫిక్స్ కార్డు కరెంటు వాడకం తగ్గించడం: కొలతతో మొదలుపెట్టి అండర్‌వోల్ట్ దాకా

"నా కార్డుకు అండర్‌వోల్ట్ విలువ ఎంతో చెప్పండి చాలు" అని అడిగేవాళ్లే ఎక్కువ. అండర్‌వోల్ట్ అంటే చిప్‌కు అందే వోల్టేజిని కంపెనీ పెట్టినదాని కన్నా తగ్గించడం. ఒక అంకె చెప్పి పంపేయడం తేలికే. కానీ చాలామంది ఆఖరి మెట్టు నుంచి మొదలుపెడుతున్నారు. ముందున్న మెట్లలో ఏ రిస్కూ లేకుండా ఎక్కువ వాట్లు మిగులుతాయి. అండర్‌వోల్ట్ అవసరమే పడని వాళ్లు సగం మందికి పైనే ఉంటారని నా అంచనా.

అందుకే ఈ క్రమం: కొలత, ఖాళీగా ఉన్నప్పటి వాడకం, ఫ్రేముల పరిమితి, పవర్ లిమిట్ (కార్డు ఇన్ని వాట్లు దాటకూడదని పెట్టే హద్దు), చివరికి అండర్‌వోల్ట్. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, మళ్లీ కొలిచి, సరిపోయిందనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఉదాహరణలకు విండోస్ డెస్క్‌టాప్, ఎక్కువగా ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3070 తీసుకుంటున్నాను. దాని అధికారిక పవర్ 220 వాట్లు. రేడియాన్ (ఏఎండీ కార్డులు), ల్యాప్‌టాప్, లినక్స్ వాళ్లకు విడిగా భాగాలున్నాయి.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

సాఫ్ట్‌వేర్ మూడు చాలు. మార్పులు చేయడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ (కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తుంది), రీడింగులు చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో లేదా జీపీయూ-జెడ్, పరీక్షకు మీరు రోజూ ఆడే బరువైన గేమ్ ఒకటి.

ఆఫ్టర్‌బర్నర్‌ను ఎంఎస్ఐ సొంత సైటు నుంచో, గురు3డీ నుంచో మాత్రమే దించుకోండి. ఆ పేరుతో వైరస్ అంటగట్టే నకిలీ సైట్లు గతంలో బయటపడ్డాయి. సెర్చ్‌లో పైన కనబడే ప్రకటన లింకు మీద నొక్కకండి.

వీలుంటే వాట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఒకటి కొనండి. కార్డు చెప్పే లెక్క కార్డు వరకే. గోడ సాకెట్ దగ్గర కొలిస్తేనే ప్రాసెసర్, పవర్ సప్లై నష్టం, మానిటర్ అన్నీ కలిపి మీటరు ఎంత తిరుగుతుందో తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- [ ] డ్రైవర్ తాజాగా ఉంది
- [ ] పాత ఓవర్‌క్లాక్ (కార్డు వేగాన్ని చేత్తో పెంచిన సెట్టింగ్) ఏదైనా ఉంటే ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ నొక్కారు
- [ ] కార్డు కంపెనీ ఇచ్చిన ట్యూనింగ్ యాప్ మూసేశారు, విండోస్‌తో పాటు మొదలవకుండా ఆపేశారు
- [ ] ఫ్యాన్ల మీద, హీట్‌సింక్ మీద దుమ్ము దులిపారు
- [ ] పవర్ కేబుల్ కనెక్టర్లోకి పూర్తిగా దిగింది, పక్కకు ఒంగి లేదు

మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండు యాప్‌లు ఒకే కార్డు మీద పెత్తనం చేస్తే మీరు పెట్టింది ఇంకొకటి చెరిపేస్తుంది. తప్పెక్కడుందో తెలియక రాత్రంతా కూర్చుంటారు.

నాలుగోదానికీ కారణముంది. చిప్ వేడెక్కేకొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది. అంటే అదే పనికి, అదే వోల్టేజి దగ్గర కూడా వేడి కార్డు కాస్త ఎక్కువ వాట్లు తింటుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆడేవాళ్లకు ఇది బాగా తెలిసొస్తుంది.

## 2. ఇప్పుడెంత వాడుతుందో రాసుకోండి

కొలవకుండా తగ్గించామనుకోవడం ఉత్త భ్రమ. మూడు సందర్భాల్లో రీడింగు తీసుకుని కాగితం మీద రాయండి.

ఖాళీగా ఉన్నప్పుడు: కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగండి. బ్రౌజర్ కూడా మూసేసి కార్డు వాట్లు, మెమరీ క్లాక్ (మెమరీ నడుస్తున్న వేగం, మెగాహెర్ట్జ్‌లో) రాసుకోండి.

వీడియో చూస్తున్నప్పుడు: యూట్యూబ్‌లో ఏదో ఒకటి పెట్టి అవే రెండు అంకెలు తీసుకోండి.

గేమ్‌లో: ఒకే చోట, ఒకే సెట్టింగుల్లో 15 నిమిషాలు ఆడాక వాట్లు, కోర్ క్లాక్, వోల్టేజి, ఉష్ణోగ్రత, సగటు ఫ్రేములు రాయండి. మొదటి ఐదు నిమిషాల అంకెలు నమ్మకండి, అప్పటికి కార్డు ఇంకా వేడెక్కి ఉండదు.

రేడియాన్ వాళ్లకు ఒక హెచ్చరిక. ఆర్ఎక్స్ 6000 సిరీస్‌లో సాఫ్ట్‌వేర్ చూపించే వాట్లు ప్రధానంగా చిప్‌వి, మొత్తం బోర్డువి కావు. అసలు వాడకం అంతకన్నా ఎక్కువ. కాబట్టి స్నేహితుడి ఎన్విడియా కార్డు అంకెతో పోల్చి మురిసిపోకండి.

ఇప్పుడు యూనిట్ల లెక్క. వాట్లు × రోజుకు గంటలు × 30 రోజులు, దాన్ని 1000తో భాగిస్తే నెలకు యూనిట్లు వస్తాయి.

గేమ్‌లో 220 వాట్ల నుంచి 150కి దించి, రోజుకు 4 గంటలు ఆడారనుకుందాం. 70 × 4 × 30 = 8,400. అంటే 8.4 యూనిట్లు. ఇంకొకరు గేమే ఆడరు, రెండు మానిటర్లతో రోజుకు 10 గంటలు ఆఫీసు పని చేస్తారు. వాళ్ల కార్డు ఖాళీగా 12 వాట్లు వాడాల్సింది 40 వాడుతోంది. 28 × 10 × 30 కూడా 8,400 వాట్ అవర్లే!

ఆటగాడు అండర్‌వోల్ట్ కోసం తంటాలు పడి మిగిల్చినంత, ఆఫీసు పని చేసేవాడు మానిటర్ సెట్టింగ్ ఒక్కటి మార్చి మిగుల్చుకోగలడు. అందుకే ఖాళీ వాడకాన్ని ముందు పెట్టాను.

నిజం చెప్పాలంటే నెలకు ఎనిమిది, పది యూనిట్లతో బిల్లు సగమైపోదు. కానీ స్లాబు అంచున ఉన్న ఇంట్లో, తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల గీత దాటకుండా చూసుకునే ఇంట్లో, ఆ పది యూనిట్లే తేడా తెస్తాయి. మిగతావాళ్లకు అసలు లాభం వేడి, ఫ్యాన్ మోత తగ్గడం. కార్డు తాగిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. ప్రతి 100 వాట్ల వేడిని బయటికి తోయడానికి ఏసీ మరో 30 వాట్ల దాకా వాడుతుంది.

## 3. ఊరికే కూర్చున్నప్పుడు తినే వాట్లు

ఒక్క మానిటర్‌తో, ఏ పనీ లేనప్పుడు ఇప్పటి మధ్యస్థాయి కార్డు 10 నుంచి 20 వాట్ల మధ్య ఉండాలి. మీది 30 దాటితే ఈ వరుసలో చూడండి.

మెమరీ క్లాక్: ఖాళీగా ఉన్నప్పుడు అది వేల మెగాహెర్ట్జ్‌లో నిలబడి ఉంటే దొంగ దొరికినట్టే. వేర్వేరు రిఫ్రెష్ రేట్లున్న (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో హెర్ట్జ్‌లో చెప్పే అంకె) రెండు మానిటర్లు పెట్టినప్పుడు ఇలా జరగడం మామూలే. మెమరీ వేగం మార్చాలంటే స్క్రీన్‌కు బొమ్మ పంపడంలో రెప్పపాటు విరామం దొరకాలి. రెండు స్క్రీన్లకూ ఆ విరామం ఒకే క్షణాన కుదరకపోతే డ్రైవర్ మెమరీని పైవేగంలోనే ఉంచేస్తుంది.

విండోస్‌లో సెట్టింగ్స్ → సిస్టమ్ → డిస్‌ప్లే → అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లండి. 144 హెర్ట్జ్ మానిటర్‌ను 120కి దించి చూడండి. పక్కన 60 హెర్ట్జ్ ఉంటే 120 దానికి సరిగ్గా రెట్టింపు. చాలాసార్లు అంతటితో మెమరీ క్లాక్ పడిపోతుంది. పడకపోతే ఫ్రీసింక్ లేదా జీ-సింక్ (మానిటర్ రేటును కార్డు ఫ్రేములకు తగ్గట్టు మార్చే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి. అదీ పనిచేయకపోతే రెండో మానిటర్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండాలి సుమా!

పవర్ మేనేజ్‌మెంట్ మోడ్: ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో "మేనేజ్ 3డీ సెట్టింగ్స్" తెరవండి. ఎప్పుడో ఒక వీడియో చూసి "ప్రిఫర్ మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్" పెట్టి మరిచిపోయినవాళ్లు బోలెడు. గ్లోబల్ ట్యాబ్‌లో దాన్ని నార్మల్‌కి మార్చండి. ఏదైనా గేమ్‌కు నిజంగా కావాలంటే ఆ ఒక్క గేమ్‌కే పెట్టుకోండి.

కదిలే వాల్‌పేపర్లు, ఓవర్‌లేలు, లాంచర్లు: టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కాలమ్ తెరిచి, పెద్ద అంకె ఉన్నదాన్ని మూసి మళ్లీ కొలవండి. గేమ్ లాంచర్లు వెనకాల వీడియో ప్రకటనలు నడుపుతూ ఉంటాయి.

ఇంకో మాట: బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేస్తే కరెంటు మిగులుతుందని కొందరు చెబుతారు. వీడియో చూసేవాళ్లకు అది తలకిందుల సలహా. కార్డులో వీడియోకని ఉన్న ప్రత్యేక సర్క్యూట్ కొద్ది వాట్లతో చేసే పనిని ప్రాసెసర్ నెత్తిన పడేస్తారు. ఆన్‌లోనే ఉంచండి.

## 4. ఫ్రేములకు కళ్లెం

మానిటర్ 60 హెర్ట్జ్, కార్డు గీస్తున్నది సెకనుకు 160 ఫ్రేములు. మిగతా వంద పూర్తిగా ఎప్పటికీ కనబడవు, వాటికి కరెంటు మాత్రం అయిపోతోంది. మెనూ స్క్రీన్లలో అయితే వందలకొద్దీ ఫ్రేములు గీస్తూ ఫ్యాన్ హోరెత్తుతుంది.

ఇక్కడ చేయాల్సింది ఇంతే:

1. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేమ్ లిమిట్ ఉంటే అక్కడే పెట్టండి. ఆలస్యం అన్నిటికన్నా తక్కువుండేది అందులోనే.
2. లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో "మ్యాక్స్ ఫ్రేమ్ రేట్", లేదా ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్‌లో ఫ్రేమ్‌రేట్ లిమిట్.
3. రేడియాన్ అయితే అడ్రినలిన్‌లో (ఏఎండీ డ్రైవర్‌తో వచ్చే యాప్) రేడియాన్ చిల్. కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఒకే అంకె పెడితే మామూలు పరిమితిలా పనిచేస్తుంది.
4. కంట్రోల్ ప్యానెల్‌లోనే "బ్యాక్‌గ్రౌండ్ అప్లికేషన్ మ్యాక్స్ ఫ్రేమ్ రేట్" 20 లేదా 30 పెట్టండి. గేమ్ వదిలి వేరే విండోలోకి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

ఎంత పెట్టాలి? జీ-సింక్, ఫ్రీసింక్ వాడేవాళ్లు మానిటర్ రేటుకు మూడు, నాలుగు ఫ్రేములు కింద పెట్టండి. 144కి 140 అనుకోండి. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్‌కు 60 చాలు. కథ నడిచే నెమ్మది గేమ్‌లకు 144 హెర్ట్జ్ మానిటర్ మీద కూడా 90 పెట్టి రెండు రోజులు ఆడి చూడండి, కంటికి అలవాటైపోతుంది. పోటీ షూటర్లు ఆడేవాళ్లకు ఈ సలహా ఇవ్వను, వాళ్లు వినరు కూడా.

పరిమితి పెట్టాక మళ్లీ కొలవండి. కార్డు వాడకం 60–70 శాతానికి పడితే క్లాక్, వోల్టేజి తమంతట తామే దిగుతాయి. ఇక్కడితో మీకు కావాల్సిన వాట్లకు చేరుకుంటే కింది భాగాలు చదవక్కర్లేదు.

## 5. పవర్ లిమిట్: ఒక్క స్లైడర్, దాదాపు రిస్కు లేదు

తయారీదారులు కార్డును దాని సమర్థత శిఖరం దాటించి నడుపుతారు. బెంచ్‌మార్క్ పట్టికల్లో నాలుగు ఫ్రేములు ఎక్కువ కనబడాలి కదా! చివరి 20, 30 వాట్లకు దక్కే ఫ్రేములు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పవర్ లిమిట్ కోసేది సరిగ్గా ఆ కొసనే.

చేసే పద్ధతి:

1. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ స్లైడర్ 90కి దించి టిక్ గుర్తు నొక్కండి.
2. అదే గేమ్, అదే చోటు. 15 నిమిషాల తర్వాత వాట్లు, ఫ్రేములు రాయండి.
3. 80, తర్వాత 70 పెట్టి అలాగే చేయండి.
4. ఫ్రేములు 5 శాతం కన్నా ఎక్కువ పడిన మెట్టు దగ్గర ఆగి, ఒక మెట్టు వెనక్కి రండి.

3070కి 80 శాతం అంటే 176 వాట్లు. ఎక్కువమంది 75–85 మధ్య తేలతారు. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 లాంటి పెద్ద కార్డులు 70 శాతానికి కూడా పెద్దగా నొచ్చుకోవు. అదే 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060లో తగ్గించడానికి అంత కొవ్వు లేదు. దాన్ని ఫ్రేమ్ పరిమితితో వదిలేయడమే మంచిది.

పవర్ లిమిట్ తగ్గించడం వల్ల గేమ్ కూలదు. కార్డు తన సొంత వోల్టేజి పట్టిక మీదే కిందికి దిగుతుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే మాత్రం బరువైన సన్నివేశాల్లో క్లాక్ ఒక్కసారిగా పడి ఆట తడబడుతుంది. సగటు ఫ్రేములతో పాటు "1 శాతం లో" అంకె (అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) కూడా చూడమనేది అందుకే.

ఇన్వర్టర్ లేదా యూపీఎస్ మీద ఆడేవాళ్లు ఈ మెట్టు తప్పకుండా ఎక్కండి. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. కార్డు సగటున 220 వాడినా మిల్లీసెకన్ల పాటు అంతకన్నా చాలా పైకి ఎగురుతుంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కీచుమని ఆగిపోవడానికి చాలాసార్లు కారణం అదే.

## 6. అండర్‌వోల్ట్: ఎన్విడియా కార్డుల్లో

ఇంత దూరం వచ్చినవాళ్లకు ముందు ఒక చిన్న లెక్క. చిప్ వాడే పవర్ క్లాక్‌తో మామూలుగా పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం వర్గంగా పెరుగుతుంది. అదే క్లాక్ దగ్గర 1.050 వోల్టుల నుంచి 0.900కి దించగలిగితే 0.900ని 1.050తో భాగించి వర్గం చేయండి: దాదాపు 0.73. అంటే స్విచింగ్‌కయ్యే పవర్‌లో నాలుగో వంతు పైగా మాయం. మెమరీ, ఫ్యాన్ల వాడకం ఇందులోకి రాదు కాబట్టి కార్డు మొత్తం మీద తగ్గేది ఇంతకన్నా తక్కువే.

ఇలా దించగలగడానికి కారణం కంపెనీ వదిలే మార్జిన్. లక్షల చిప్‌లలో అన్నిటికన్నా బలహీనమైనది కూడా నడవాలని అందరికీ ఎక్కువ వోల్టేజి ఇస్తారు. మీ చిప్ ఎంత గట్టిదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇంకొకరి అంకె మీకు పనిచేయకపోతే వాళ్లు అబద్ధం చెప్పారని కాదు.

6.1 లక్ష్యం ఎంచుకోవడం

రెండో భాగంలో రాసుకున్న క్లాక్, వోల్టేజి తీయండి. ఉదాహరణకు 1,905 మెగాహెర్ట్జ్, 1.025 వోల్టులు. మొదటి ప్రయత్నానికి వోల్టేజి 100 మిల్లీవోల్టులు, క్లాక్ 60–90 మెగాహెర్ట్జ్ తగ్గించండి. అంటే 925 మిల్లీవోల్టుల దగ్గర 1,830 మెగాహెర్ట్జ్. 30 సిరీస్ కార్డులు చాలామట్టుకు దీన్ని తేలిగ్గా మోస్తాయి.

6.2 వంపు మార్చడం

1. ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ నొక్కండి. పవర్ లిమిట్‌ను 100 దగ్గరే ఉంచండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు.
2. కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కండి. చుక్కల వంపు తెరుచుకుంటుంది. అడ్డంగా ఉన్నవి మిల్లీవోల్టులు, నిలువుగా మెగాహెర్ట్జ్.
3. వంపు విండో మూయకుండా, ప్రధాన విండోలో కోర్ క్లాక్‌ను మైనస్ 200 చేసి టిక్ నొక్కండి. వంపు మొత్తం కిందికి దిగుతుంది.
4. ఇప్పుడు 925 మిల్లీవోల్టుల చుక్క ఒక్కదాన్నే పట్టుకుని 1,830 దాకా పైకి లాగండి.
5. మళ్లీ టిక్ నొక్కండి. ఆ చుక్కకు కుడివైపున్నవన్నీ అదే ఎత్తులో బల్లపరుపుగా మారిపోవాలి.

ఐదో అంచెలోనే చాలామంది తప్పుతారు. కుడివైపు ఒక్క చుక్క పైకి పొడుచుకుని ఉన్నా కార్డు అక్కడికే ఎక్కి కూర్చుంటుంది, మీ అండర్‌వోల్ట్ లేనట్టే. అలా కనబడితే మూడో అంచెలో మైనస్ 250 పెట్టి మళ్లీ చేయండి.

6.3 గేమ్‌లో సరిచూడటం

గేమ్ నడుస్తుండగా వోల్టేజి 925 దాటకూడదు. క్లాక్ మీరు పెట్టిన 1,830 కాకుండా 1,815 చూపిస్తే కంగారొద్దు. వేడెక్కినప్పుడు ఎన్విడియా కార్డులు 15 మెగాహెర్ట్జ్ మెట్లుగా దిగుతాయి. అందుకే వంపును ఎప్పుడూ ఒకే పరిస్థితిలో మార్చండి. ఒకసారి చల్లటి కార్డు మీద, ఇంకోసారి వేడి కార్డు మీద మారిస్తే అంకెలు కలవవు.

6.4 కిందికి దిగడం

గంటసేపు నిలబడితే వోల్టేజి 25 తగ్గించండి, క్లాక్ అదే ఉంచండి. 900, తర్వాత 875. ఎక్కడ కూలితే అక్కడి నుంచి 25 వెనక్కి వచ్చి ఆగండి. సరిగ్గా కూలే గీత మీద నిలబెట్టాలని చూడకండి. ఈరోజు 900 దగ్గర నిలిచిన కార్డు ఎండాకాలం మధ్యాహ్నం నిలవకపోవచ్చు.

40 సిరీస్ వాళ్లు 950 మిల్లీవోల్టుల దగ్గర మొదలుపెట్టండి. 900 దరిదాపుల్లో ఆ చిప్‌ల వోల్టేజి ఇంకా దిగనని మొండికేస్తుంది. అంతకన్నా కింద క్లాకే పోతుంది, వాట్లు పెద్దగా తగ్గవు.

6.5 మెమరీ జోలికి వెళ్లకండి

కోర్‌లో మిగిలిన వాట్లను మెమరీ ఓవర్‌క్లాక్‌కు ఖర్చు పెట్టేవాళ్లున్నారు. తగ్గించడానికి కూర్చున్నప్పుడు అది ఎందుకు? పైగా జీడీడీఆర్6ఎక్స్ మెమరీ తప్పులు దొర్లినప్పుడు కూలకుండా, డేటాను మళ్లీ పంపించుకుంటుంది. గేమ్ నడుస్తూనే ఉంటుంది, ఫ్రేములు మాత్రం తగ్గుతాయి. పాపం నిందంతా అండర్‌వోల్ట్ మీద పడుతుంది.

## 7. రేడియాన్ కార్డుల్లో తేడా ఎక్కడ?

అడ్రినలిన్‌లో పెర్ఫార్మెన్స్ → ట్యూనింగ్ → కస్టమ్. ఆఫ్టర్‌బర్నర్ అవసరం లేదు.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. వోల్టేజి తగ్గించి, వాట్లు చూస్తే అవే ఉంటాయి! కార్డు పాడవలేదు. వోల్టేజి తగ్గడంతో మిగిలిన పవర్‌ను అది పైక్లాక్‌కు వాడేసుకుంది. ఫ్రేములు కావాలనుకుంటే అది మంచిదే. వాట్లు తగ్గాలంటే వోల్టేజితో పాటు గరిష్ఠ ఫ్రీక్వెన్సీనో, పవర్ లిమిట్‌నో కూడా దించాలి.

ఆర్ఎక్స్ 6000లో క్రమం ఇది: గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 100–150 తగ్గించండి, తర్వాత వోల్టేజి 25 చొప్పున దించుతూ పరీక్షించండి. ఆ వోల్టేజి అంకెను ఖచ్చితమైన పరిమితి అనుకోకండి. కార్డు సొంత వంపును అది జరుపుతుందంతే, కాబట్టి రీడింగులో అదే అంకె కనబడదు. ఆర్ఎక్స్ 7000లో కూడా పద్ధతి ఇదే. 9000లో వోల్టేజిని మైనస్ ఆఫ్‌సెట్‌గా ఇస్తారు. మైనస్ 30తో మొదలుపెట్టండి.

6000, 7000 కార్డుల్లో చాలావాటికి పవర్ లిమిట్ కిందికి పది శాతం లోపే దిగుతుంది. అందుకే రేడియాన్ వాళ్లకు చిల్ ఇచ్చినంత లాభం స్లైడర్ ఇవ్వదు.

## 8. నిలుస్తుందా లేదా: పరీక్ష

ఫర్‌మార్క్ (కార్డును పూర్తి భారంతో నడిపే పరీక్ష ప్రోగ్రామ్) పది నిమిషాలు నడిచింది కాబట్టి అయిపోయిందనుకోవద్దు. అలాంటి పరీక్షలో కార్డు పవర్ లిమిట్‌కు తగిలి కింది క్లాక్‌లో నడుస్తుంది. మీరు పెట్టిన చుక్క దగ్గరికే అది రాదు. కూలేది తర్వాత, మామూలు గేమ్‌లో.

నేను వాడే క్రమం:

- [ ] 3డీమార్క్ టైమ్ స్పై లేదా యూనిజిన్ సూపర్‌పొజిషన్, వరుసగా మూడుసార్లు
- [ ] రే ట్రేసింగ్ (వెలుగు, నీడలను నిజంలా లెక్కగట్టేది), డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మను ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) ఆన్ చేసిన గేమ్ ఒకటి, కనీసం గంట
- [ ] తేలికపాటి పాత గేమ్ ఒకటి, అరగంట
- [ ] గేమ్ ఆడి, మూసి, వీడియో చూసి, మళ్లీ గేమ్ తెరవడం
- [ ] నిద్ర మోడ్‌లోకి పంపి లేపడం

రే ట్రేసింగ్ ఎందుకంటే చిప్‌లో మామూలుగా ఖాళీగా ఉండే భాగాలు కూడా అప్పుడు పనిలోకి దిగుతాయి. సాదా గేమ్‌లో వారం నిలిచిన వోల్టేజి రే ట్రేసింగ్‌లో పది నిమిషాలకే చేతులెత్తేయడం మామూలు.

ఇవన్నీ దాటి, మూడు నాలుగు రోజులు మామూలుగా వాడాకే ఆఫ్టర్‌బర్నర్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసి, విండోస్ గుర్తు ఉన్న బటన్ నొక్కి స్టార్టప్‌లో పెట్టండి. ముందే పెడితే, డెస్క్‌టాప్ రాగానే కూలే సెట్టింగ్ ప్రతిసారీ దానంతటదే అమలవుతుంది. ఆ చిక్కులో పడ్డవాళ్లు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్‌ను తీసేయాలి.

## 9. తరచూ ఎదురయ్యే చిక్కులు, వాటి సవరణ

గేమ్ ఉన్నట్టుండి డెస్క్‌టాప్‌కు పడిపోతోంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. "డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి తేరుకుంది" అనే అర్థంలో 4101 నంబరు ఎంట్రీ ఉంటే అనుమానం అండర్‌వోల్ట్ మీదే. వోల్టేజి 12–25 మిల్లీవోల్టులు పెంచండి, లేదా క్లాక్ 30 మెగాహెర్ట్జ్ తగ్గించండి. రెండూ ఒకేసారి వద్దు.

కూలడం లేదు, ఫ్రేములు మాత్రం తగ్గాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో "ఎఫెక్టివ్ క్లాక్" చూడండి. పైన 1,830 చూపిస్తూ ఎఫెక్టివ్ బాగా తక్కువుంటే చిప్‌కు వోల్టేజి చాలడం లేదు, పల్సులు వదిలేస్తోంది. కార్డు 95 శాతం పైగా పనిలో ఉన్నప్పుడే ఈ పోలిక చూడాలి.

వాట్లు తగ్గలేదు. జీపీయూ-జెడ్‌లో పెర్ఫ్‌క్యాప్ రీజన్ చూడండి. అక్కడ పవర్ అని ఉంటే కార్డు ఇంకా పవర్ లిమిట్‌కు తగులుతోంది, మీ చుక్క ఇంకా ఎక్కువ పైనుంది. వోల్టేజి, క్లాక్ రెండూ మరో మెట్టు దించండి.

రీస్టార్ట్ చేస్తే అన్నీ పోయాయి. స్టార్టప్ బటన్ నొక్కలేదు, లేదా డ్రైవర్ అప్‌డేట్ తుడిచేసింది. రేడియాన్‌లో అయితే ఒకసారి సిస్టమ్ కూలినా అడ్రినలిన్ ట్యూనింగ్‌ను పాత స్థితికి తెస్తుంది. ప్రొఫైల్‌ను ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

కార్డు వాట్లు తగ్గినా ఫ్యాన్ మోత అలాగే ఉంది. ఫ్యాన్ వంపు ఎవరో, బహుశా మీరే, చేత్తో పెట్టి మరిచిపోయారు. ఆటోకి మార్చండి.

## 10. ల్యాప్‌టాప్ వాళ్లకు

ఇక్కడ పవర్ లిమిట్ స్లైడర్ చాలావరకు తాళం వేసే ఉంటుంది. దానికోసం బయాస్ మార్చే సాహసాలు చేయకండి. కంపెనీ యాప్‌లోని సైలెంట్ మోడ్ చేసే పని దాదాపు అదే. వంపు మార్చడం మాత్రం చాలా మోడళ్లలో పనిచేస్తుంది.

బ్యాటరీ మీద ఉన్నప్పుడు ముఖ్యం పెద్ద కార్డు పూర్తిగా నిద్రపోవడం. హైబ్రిడ్ మోడ్ (తేలిక పనులను ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు వదిలేసేది) ఆన్ చేయండి. సెట్టింగ్స్ → సిస్టమ్ → డిస్‌ప్లే → గ్రాఫిక్స్‌లో బ్రౌజర్, ఆఫీసు యాప్‌లకు "పవర్ సేవింగ్" ఎంచుకోండి. చివరగా ఒక వింత: కార్డు నిద్రపోయిందా అని చూసే మానిటరింగ్ యాపే మాటిమాటికి దాన్ని తట్టి లేపుతుంది. పరీక్ష అయ్యాక మూసేయండి.

## 11. లినక్స్ మీద మోడళ్లు నడిపేవాళ్లకు

ఇంట్లో భాషా మోడళ్లు నడిపేవాళ్లు, రాత్రంతా బ్లెండర్ రెండర్ పెట్టేవాళ్లు మొదటి రెండు మెట్ల తర్వాత నేరుగా పవర్ లిమిట్‌కు రండి. గేమ్ రోజుకు నాలుగు గంటలు, రెండర్ ఇరవై నాలుగు గంటలు. బిల్లులో నిజంగా కనబడేది మీకే.

ఎన్విడియా డ్రైవర్‌తో వచ్చే ఎస్ఎంఐ కమాండు చాలు. పవర్ వివరాలు అడిగితే కనిష్ఠ, గరిష్ఠ, డిఫాల్ట్ వాట్లు చెబుతుంది. ఆ పరిధిలోని అంకెను "పీఎల్" ఆప్షన్‌తో, సుడో అనుమతితో ఇవ్వాలి. పర్సిస్టెన్స్ మోడ్ కూడా ఆన్ చేయండి. లేకపోతే ఏ ప్రోగ్రామూ వాడనప్పుడు డ్రైవర్ దిగిపోయి మీ పరిమితినీ మరిచిపోవచ్చు. రీబూట్‌తో ఇది ఎలాగూ చెరిగిపోతుంది కాబట్టి సిస్టమ్‌డీలో చిన్న సర్వీసుగా రాసి పెట్టుకోండి.

ఒక్కరి కోసం భాషా మోడల్ పదం తర్వాత పదం పేర్చేటప్పుడు మెమరీ వేగమే అడ్డు, కోర్ కాదు. అందుకే పవర్ లిమిట్ గట్టిగా తగ్గించినా వేగం స్వల్పంగానే పడుతుంది. శిక్షణలో, రెండరింగ్‌లో కోర్ పూర్తిగా పనిచేస్తుంది, అక్కడ నష్టం తెలుస్తుంది. ఆ పనులకు వాట్లు ఒక్కటే చూడకండి. ఒక ఫ్రేమ్ రెండర్ అవడానికి పట్టిన సెకన్లను సగటు వాట్లతో గుణించండి. ఆ లబ్ధం ఎక్కడ అన్నిటికన్నా తక్కువ వస్తుందో అదే మీ పవర్ లిమిట్.

## 12. సెట్టింగ్ కుదిరాక

- [ ] కాగితం మీద పాత అంకెల పక్కన కొత్తవి రాసి, ఫోనులో ఫొటో తీసుకోండి
- [ ] డ్రైవర్ మారిన ప్రతిసారీ వంపు తెరిచి, చుక్క అక్కడే ఉందో లేదో చూడండి
- [ ] కొత్త గేమ్ కూలితే, గేమ్‌ను తిట్టే ముందు రీసెట్ నొక్కి ఒకసారి ఆడండి
- [ ] మార్చి చివర్లో రే ట్రేసింగ్ పరీక్ష మళ్లీ పెట్టండి. జనవరిలో కుదిరిన వోల్టేజికి అసలు పరీక్ష అప్పుడే
- [ ] కార్డు అమ్మినా, వేరే కంప్యూటర్‌కు మార్చినా చేయాల్సిందేమీ లేదు. ఈ సెట్టింగులు ఉండేది విండోస్‌లో, కార్డులో కాదు